కుస్కోవో, ఒస్తాంకినో: భూదాసులు కట్టిన సౌధములు

మాస్కో నగరమును చూడబోవు యాత్రికులలో పెక్కుమంది క్రెమ్లిన్ కోటను, దాని ముంగిటనున్న ఎఱ్ఱ మైదానమును, పావెల్ త్రెత్యకోవ్ అను వర్తకుడు జీవితమంతయు కూర్చి 1892లో నగరమునకు ధారవోసిన చిత్రశాలను దర్శించి, ఇంక చూడవలసినది లేదని తృప్తిపడి మఱలుదురు. రాజ్యమేలినవారి చరిత్ర వారికి క్రెమ్లినులో లభించును. చిత్రకళయొక్క చరిత్ర త్రెత్యకోవ్ శాలలో లభించును. కాని పదునెనిమిదవ శతాబ్దమునందు ఆ దేశములో ఎవరు శ్రమించిరి, ఎవరు భోగించిరి, ఆ శ్రమలోనుండి కళ యెట్లు పుట్టెను అను ప్రశ్నలకు సమాధానము, నగరపు తూర్పుకొసనున్న కుస్కోవోలోను, ఉత్తరభాగమందలి ఒస్తాంకినోలోను దొరకినంత స్పష్టముగా మఱియెచ్చటను దొరకదని నా విశ్వాసము. ఈ రెండును ఒకప్పుడు షెరెమెత్యేవ్ ప్రభువంశమువారి వేసవి విడుదులు, నేడు ప్రదర్శనశాలలు. కట్టించినవాని పేరు ద్వారముపై నుండుట లోకరీతి. కట్టినవాని పేరును వెదకుకొనుచు ఈ సౌధములలో తిరుగవలయునని చెప్పుటకే ఈ వ్యాసము.

మాస్కో చుట్టును ఇట్టి ప్రభుసౌధములు ఇన్ని వెలయుటకు ఒక రాజశాసనము ముఖ్యకారణము. మొదటి పీటరు చక్రవర్తి తన ప్రభువర్గమును సైన్యమందో, కొలువునందో జీవితమంతయు పనిచేయవలసినదని నిర్బంధించెను. రాజధానిని మాస్కోనుండి సెయింట్ పీటర్స్‌బర్గుకు మార్చి, వారినందఱిని ఆ చిత్తడినేలకు తరలించెను. 1762లో మూడవ పీటరు ఆ నిర్బంధమును తొలగించెను. 1785లో రెండవ కేథరిన్ మహారాణి ఆ స్వేచ్ఛను అధికారపత్రముతో స్థిరపఱచెను. దానితో కొలువు విడిచిన ప్రభువులు పాత రాజధానిని చేరి, దాని పరిసరములందలి తమ పల్లెలలో సౌధము, దేవాలయము, తటాకము, ఉద్యానము, నాటకశాల అను పంచాంగములతో కూడిన విహారభూములను నిర్మించుకొనసాగిరి. ప్రభువులకు లభించిన ఈ విశ్రాంతి భూదాసులకు లభింపలేదు. పైగా వారి బరువు హెచ్చెను. తెలంగాణపు వెట్టిని ఎఱిగిన మన పాఠకులకు ఈ వ్యవస్థ స్వభావము కొంతవఱకు బోధపడగలదు. ఐనను రష్యాలో భూదాసుని నేలతోపాటే కాక, నేలనుండి విడదీసియు అమ్ముచుండిరి, తాకట్టు పెట్టుచుండిరి, ప్రభువు సెలవులేనిదే వానికి పెండ్లియు లేకుండెను. షెరెమెత్యేవులకు అట్టివారు లక్షకు మించియుండిరి. ఆ కాలపు రష్యాలో అంతటి సంపన్నకుటుంబములు వ్రేళ్లపై లెక్కింపదగినవి మాత్రమే.

ఈ వంశమునకు కీర్తి తెచ్చినవాడు బోరిస్ పెత్రోవిచ్. స్వీడనుతో జరిగిన మహాయుద్ధమున సేనలను నడిపి, 1706లో కౌంట్ బిరుదమును పొంది, 1709లో పొల్తావా రణరంగమునందు నిలిచిన సేనానాయకుడు ఆయన. కుస్కోవో గ్రామమును 1715లో తన సోదరునినుండి కొనెను గాని, దానిని అనుభవించుటకు ఆయనకు ఎక్కువకాలము మిగులలేదు, 1719లో మరణించెను. కుమారుడు ప్యోత్ర్ బోరిసోవిచ్ 1743లో వర్వారా చెర్కాస్కయా అను రాజవంశీయురాలిని పెండ్లాడగా ఆమె కట్నముతో ఒస్తాంకినో ఈ యింట చేరెను. తండ్రి ఖడ్గముతో గడించినదియు, భార్య కట్నముగా తెచ్చినదియు కలిసి ప్యోత్ర్‌ను దేశమందలి మహాధనవంతులలో ఒకనిగా చేసెను. ఆ ధనమునకు తగిన వేదికగా ఆయన ఎన్నుకొన్నది కుస్కోవో.

ఇప్పుడు మనము చూచు సౌధము 1769 మొదలు 1775 వఱకు కార్ల్ బ్లాంక్ అను వాస్తుశిల్పి పర్యవేక్షణమున నిర్మింపబడినది. దూరమునుండి చూచువారికి రాతికట్టడమని తోచును; దగ్గఱకు పోయి విచారించినచో సర్వమును కఱ్ఱయే. రష్యనులకు కొయ్యయింటిపై ప్రీతి మెండు. అది పొడిగా నుండును, శరీరమునకు ఆరోగ్యమని వారి నమ్మకము, అడవులు సమృద్ధములు, గొడ్డలి పట్టిన భూదాసుడు ఊరూర గలడు. అందుచేత కఱ్ఱను పలకలతో కప్పి, రంగు పూసి, రాతివలె భ్రమగొల్పుట ఆనాటి నేర్పు. లోపలి శిల్పాలంకారములలో పెక్కు కాగితపుగుజ్జుతో మలచి బంగారుపూత పూసినవే. సౌధము ముందఱి మహాతటాకమును, దానికి జోడుగా కాలువలను త్రవ్వినవారును భూదాసులే. వేసవి ఉత్సవములందు ఆ నీటిపై అలంకృతనౌకలు విహరించుచుండ, పాటకులు పాడుచుండ, నగరమునుండి వచ్చిన జనము వేలకొలది గట్లపై గుమిగూడెడివారట.

నాకు మాత్రము కుస్కోవోలో ప్రధానసౌధముకంటె ఉద్యానమందలి చిన్నకట్టడములే ఎక్కువ మాటలాడుచున్నట్లు తోచును. 1749 నాటి డచ్చి యిల్లును, దాని తర్వాతి ఇటాలియా యిల్లును ఐరోపాను చూచివచ్చిన ప్రభువు కోరికలు. వీటిని త్వరగా దాటవచ్చును. 1765 తర్వాత బ్లాంక్ కట్టిన హెర్మిటేజ్ అను ఏకాంతమందిరమువద్ద మాత్రము కొంత ఆగవలయును. దాని మేడమీద ప్రభువును, ఆయన ఎన్నికచేసిన అతిథులును భోజనమునకు కూర్చుండెడివారు. సేవకుడు ఒక్కడును అచ్చట కానరాడు. క్రింది అంతస్తులో వడ్డించిన బల్ల యంత్రసాహాయ్యమున నేలను చీల్చుకొని పైకి లేచి అతిథులముందు నిలుచును. ఏకాంతమునకై చేసిన ఏర్పాటని దానిని మెచ్చుకొనిన గ్రంథములు కలవు. ఆ బల్లను పైకెత్తిన చేతులు క్రింది చీకటిగదిలో నుండెననుటయు, వాటిని కనుల కగపడకుండ చేయుటయే ఆ యంత్రముయొక్క ప్రయోజనమనుటయు మనము మఱువరాదు.

తటాకతీరముననే గ్రోటో అను గుహామందిరము కలదు. 1755లో ఆరంభించి దీని వెలుపలి నిర్మాణమును సాగించినవాడు ఫ్యోదర్ అర్గునోవ్. ఆయన షెరెమెత్యేవుల భూదాసుడు. గోపురము, జంటస్తంభములు, మలుపుమలుపున నీడలు పట్టు గోడలు, సముద్రపు నాచు అల్లుకొన్నట్లు ఇనుముతో అల్లిన జాలకములు, వీటన్నిటితో అది నీటినుండి అప్పుడే లేచివచ్చినట్లుండును. లోపలి గోడలను తర్వాత యోహాన్ ఫోఖ్ట్ అను శిల్పి ఆల్చిప్పలతోను, గవ్వలతోను, గాజుముక్కలతోను, గఱుకురాతితోను పొదిగెను. దీపపు వెలుగులో ఆ గోడలు మిలమిలలాడును. మాస్కో వేసవి స్వల్పము. ఆ స్వల్పకాలపు ఎండనుండి కాచుకొనుటకు ప్రభువు ఇంతటి కట్టడమును కోరుకొనెను. ఆ కోరికలోని అనావశ్యకతను చూచి విసుగుకొనినవారు సైతము, ఫ్యోదర్ గీచిన రేఖల తీరునకు తలయూపక పోలేరు. నారింజవృక్షములను చలికాలమున కాపాడుటకు కట్టిన పెద్దశాలయు ఆయన కృతియే. దేశములో మేటి వాస్తుశిల్పులతో సమానముగా నిలువదగిన ఈ పురుషుడు, చట్టము దృష్టిలో పశువులతో, పనిముట్లతో కలిసి ప్రభువు ఆస్తిపట్టికలో నొక పద్దు!

అర్గునోవుల వంశము ఈ కథలో అడుగడుగున కనబడును. ఫ్యోదర్ బంధువైన ఇవాన్ అర్గునోవ్, గ్రోత్ అను జర్మను చిత్రకారునివద్ద శిక్షణ పొంది, రష్యాలో ఆకృతిచిత్రణకు మొదటివరుస ఆచార్యులలో ఒకడయ్యెను. 1767లో అతడు చిత్రించిన అన్నుష్కా అను కల్మిక్ జాతి బాలిక చిత్తరువు కుస్కోవోలో కలదు. షెరెమెత్యేవుల యింట పెరిగిన ఆ పిల్ల, ఆ యేడే మరణించిన ప్రభ్వి వర్వారా ముద్రాచిత్రమును చేతబట్టుకొని నిలుచుండును. బాలిక నవ్వులోని స్వచ్ఛతను చూచినపుడు, ఆ చిత్రము ప్రభ్వి స్మృతికై వ్రాయబడినదో, పిల్లకొఱకు వ్రాయబడినదో తెలియక చూపరులు కొంతసేపు నిలిచిపోవుదురు. 1784లో రష్యను పల్లెవేషములో నున్న ఒక అజ్ఞాతస్త్రీని అతడు చిత్రించెను. అది ఇప్పుడు త్రెత్యకోవ్ శాలలో నున్నది. ప్రభువుల చిత్తరువులలో ఇవాన్ కుంచె మర్యాద పాటించును. ఈ స్త్రీ ముఖమున అది గౌరవమును చూపును. ఇంతటి చిత్రకారుని చివరియేండ్లలో యజమాని తన మాస్కో గృహమునకు నిర్వాహకునిగా నియమించెను. ఇంటిలెక్కలు వ్రాయుచు అతడు కుంచెను ఇంచుమించు విడిచిపెట్టెను. రష్యాకు ఎన్ని చిత్రములు ఆ విధముగా నష్టమయ్యెనో!

ప్యోత్ర్ కుమారుడగు నికొలాయ్ పెత్రోవిచ్‌తో కథ మఱియొక మలుపు తిరుగును. 1751లో పుట్టి, యౌవనమున ఐరోపా తిరిగి, హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయమున చదివి, పారిస్ సంగీతనాటకములపై మనసు పడి ఆయన స్వదేశమునకు వచ్చెను. పారిస్ ఒపెరాలోని ఒక వాద్యకారునితో ఎడతెగక ఉత్తరములు నడపుచు, క్రొత్త నాటకముల స్వరపత్రములను, వేషముల నమూనాలను, రంగయంత్రముల చిత్రములను తెప్పించుకొనెడివాడు. పల్లెలలో మంచి గొంతుకయో, చక్కని రూపమో గల పిల్లలను చిన్ననాడే తల్లిదండ్రులనుండి తెచ్చి, ఫ్రెంచి, ఇటాలియను భాషలను, గానమును, నృత్యమును నేర్పించెడివాడు. వారికి రత్నముల పేర్లు పెట్టెను. తాత్యానా ష్లికోవా గోమేధికపు పేరున గ్రనాతోవా అయ్యెను. అన్నా బుయానోవా మరకతపు పేరును పొందెను. ఇవాన్ కొవల్యోవ్ అను కమ్మరి కూతురు ప్రస్కోవ్యా, ముత్యపు పేరున ఝెమ్చుగోవా అయ్యెను. ఆ పేర్లు ఎంత ముద్దుగా నున్నను, పెట్టెలోని నగలకు పెట్టదగిన పేర్లవి. పిల్లలకు విద్య దొరకెను. దానికి మూల్యముగా ఇల్లు పోయెను, ఇంటిపేరు పోయెను.

1768లో పుట్టిన ప్రస్కోవ్యా పదునొకండవయేట 1779లో కుస్కోవో రంగస్థలమున తొలిసారి కనబడెను. గ్రేత్రీ రచించిన సామ్నైటుల వివాహములు అను సంగీతనాటకములో ఎలియానా పాత్ర ఆమెకు శాశ్వతకీర్తిని తెచ్చెను. శిరస్త్రాణము ధరించి, ప్రియునికొఱకు సమరమున దూకు వీరకన్య పాత్ర అది. 1787లో కేథరిన్ మహారాణి కుస్కోవోకు వచ్చినపుడు ఈ నాటకమునే ప్రదర్శించిరి. స్వేచ్ఛనుగూర్చియు, ప్రేమనుగూర్చియు పాడిన ఆ గాయని స్వేచ్ఛ లేనిది. ఎదుట కూర్చుండి విన్న మహారాణి చేతిలోనే ఆ స్వేచ్ఛ యుండెను. మహారాణి ఆమెను మెచ్చుకొని కానుక నిచ్చెనని చెప్పుదురు.

తండ్రి 1788లో మరణించిన పిమ్మట నికొలాయ్ కుస్కోవోను విడిచి, ఒస్తాంకినోలో తన కలలకు తగిన సౌధమును తలపెట్టెను. 1792 మొదలు 1798 వఱకు దాని పని సాగెను. కాంపొరేసి, క్వరేంగి వంటి ఇటాలియను వాస్తుశిల్పులు నమూనాలు గీచి యిచ్చిరి; ఆ నమూనాలను కఱ్ఱలోనికి దింపి, మార్చి, పెంచి, నిలబెట్టినవారు పావెల్ అర్గునోవ్, అలెక్సేయ్ మిరోనోవ్, గ్రిగోరీ దికూషిన్ అను భూదాసశిల్పులు. ఇతర సౌధములలో నాటకశాల ఒక మూలనుండును; ఇచ్చట నాటకశాల నడుమనుండ, తక్కిన మందిరములన్నియు దాని చుట్టును పరిచారికలవలె నిలిచియున్నవి. గోడలు పాలరాయివలె కనబడును, కాని కఱ్ఱయే. దీపస్తంభములు కంచువలె మెఱయును, అవియు చెక్కి బంగారుపూసిన కొయ్యయే. కొయ్యచేతనే ఆ శాలలో గానము అంత కమ్మగా పలుకునని తెలిసినవారందురు.

నాటకశాలలోని యంత్రములను సమకూర్చినవాడు ఫ్యోదర్ ప్ర్యాఖిన్ అను భూదాసుడు. అతని ప్రజ్ఞ చెప్పినకొలది మిగులును. నాటకము ముగిసిన కొద్దిసేపటిలో ప్రేక్షకుల నేల రంగస్థలముతో సమమగునట్లు అమరెడిది. లోపల బోలుగా చేసిన స్తంభములను పట్టి తొలగించెడివారు. నిమిషములక్రితము రణరంగముగా నున్న చోటు నాట్యమునకు, విందునకు తగిన మహాశాలగా మాఱెడిది. ఉఱుము, వాన, గాలి వీటి ధ్వనులను పుట్టించుటకు వేఱువేఱు యంత్రములుండెను. వాటిలో కొన్ని నేటికిని తమ స్థానముననే నిలిచియుండుట ఐరోపా నాటకచరిత్రలోనే అరుదైన భాగ్యము. 1795లో ఇజ్మయిల్ కోట ముట్టడిని ఇతివృత్తముగా గొని ఒసిప్ కొజ్లోవ్‌స్కీ సంగీతము కూర్చిన నాటకముతో శాల తెఱవబడెను. తుర్కీకన్య జెల్మీరాగా ప్రస్కోవ్యా పాడెను. 1797లో పావెల్ చక్రవర్తి పట్టాభిషేకమునకై మాస్కో వచ్చి ఒస్తాంకినోను దర్శించెను. ఆ తర్వాత నికొలాయ్ రాజసేవకై పీటర్స్‌బర్గుకు పోవలసివచ్చెను; ప్రస్కోవ్యాకు క్షయ ముదిరి గొంతు మూగవోయెను; శాల నిశ్శబ్దమయ్యెను. ఇంత శ్రమించి కట్టిన రంగస్థలము రెండుమూడేండ్లు మించి ఆడలేదు. ఆ దుఃఖమే దానికి రక్షయయ్యెను. ఎవరును స్థిరముగా నివసింపకపోవుటచేత, పెద్దమార్పులు చేయకపోవుటచేత పదునెనిమిదవ శతాబ్దపు నాటకశాల తన దేహముతోనే మనకు దక్కినది.

నికొలాయ్ 1798లో ప్రస్కోవ్యాకు స్వేచ్ఛాపత్ర మిచ్చెను. 1801 నవంబరులో మాస్కోలోని పొవర్‌స్కయా వీథియందలి చిన్న దేవాలయమున, తాత్యానా ష్లికోవా మొదలగు కొలదిమంది సాక్షులుగా, ఆమెను రహస్యముగా వివాహమాడెను. అంతటి ప్రభువు సైతము లోకమునకు వెఱచి, కొవల్యోవులు పోలెండు దేశపు గొప్పవంశమునుండి దిగివచ్చిరని ఒక వంశావళిని కల్పింపజేసెను. 1803 ఫిబ్రవరిలో కుమారుడు ద్మీత్రి పుట్టిన మూడువారములకు ప్రస్కోవ్యా కన్నుమూసెను. ఆమె శవయాత్రకు ప్రభుకుటుంబములవారు ఇంచుమించు ఎవరును రాలేదు. ముసలి వాస్తుశిల్పి క్వరేంగి వచ్చెను, నాటకశాలలోని పాతసహచరులు వచ్చిరి. ఆమె కోరిక మేరకు మాస్కోలో అప్పటికే మొదలిడిన అనాథాశ్రమమును నికొలాయ్ ఆమెకు స్మారకముగా మార్చి, క్వరేంగిచేత నమూనాను మఱల గీయించెను. నూఱుగురు వృద్ధులకు ఆశ్రయము, యాబదిమంది రోగులకు చికిత్స, పేదకన్యలకు పెండ్లికై ధనము, ఇవి దాని నియమములు. అది 1810లో తెఱవబడెను. అప్పటికి సంవత్సరము ముందే నికొలాయ్ మరణించియుండెను.

ఈ ప్రేమగాథను విని మురిసిపోవుట సులభము. రష్యనులు సైతము దానిని పాటలలో పాడుకొనిరి. ఐనను చరిత్ర చదువువాడు తక్కినవారి గతిని గూడ అడుగవలయును. ప్రస్కోవ్యా రూపమును మనకు మిగిల్చిన నికొలాయ్ అర్గునోవ్, ఇవాన్ కుమారుడు, నలువది దాటినపిదప 1816లో గాని స్వతంత్రుడు కాలేదు. స్వతంత్రుడైన రెండేండ్లకే కళాపరిషత్తు అతనిని తన సభ్యునిగా స్వీకరించెను. గాయకబృందమునకు ఆచార్యుడై, మీనిన్, పొజార్‌స్కీ అను దేశవీరులపై మహాగానమును రచించి 1811లో మాస్కోను ఆనందపఱచిన స్తెపాన్ దెగ్త్యర్యోవ్, ప్రభువు మాటయిచ్చిన స్వేచ్ఛను చూడకయే 1813లో మరణించెను. ఒక్క స్త్రీకొఱకు లోకమును ధిక్కరింపగలిగిన హృదయము, అదే యింట వందలకొలది కళాకారులను పత్రమిచ్చి విడిచిపెట్టుటకు చాలలేదు. నికొలాయ్ ప్రభువును నేను కఠినాత్ముడనను. కాని అతని కరుణ తన గుమ్మము దాటలేదని చెప్పక తప్పదు.

తర్వాతి చరిత్రను సంగ్రహముగా చెప్పవచ్చును. 1812లో నెపోలియన్ సేనలు కుస్కోవోను దోచెను. 1861లో భూదాస్యము చట్టముచే రద్దయ్యెను. 1917 విప్లవము తర్వాత రెండు సౌధములును జాతీయములై ప్రదర్శనశాలలుగా మాఱెను. ఆ అల్లకల్లోలపు రోజులలో ఎన్నో పల్లెసౌధములు తగులబడగా ఇవి నిలుచుటకు, వీటి కళావిలువను గ్రహించి కాపాడిన వస్తుపాలకులే కారకులు. కుస్కోవోలో తర్వాత పింగాణిశిల్పముల సంగ్రహము చేరెను. వర్తకుడు అలెక్సేయ్ మొరోజోవ్ ప్రోగుచేసిన పాత్రలు దానికి మూలధనము. ఒస్తాంకినోకు సోవియట్ కాలమున భూదాసుల కళాసృష్టికి సౌధప్రదర్శనశాల అని పేరు పెట్టిరి. ప్రభుత్వములు పెట్టు పేర్లలో ఇంత న్యాయమైన పేరు అరుదు.

మాస్కో పరిసరములందే చూడదగినవి మఱికొన్ని కలవు. యూసుపోవ్ ప్రభువుల అర్హంగెల్‌స్కోయేలో గొంజాగా చిత్రించిన తెఱలతోకూడ కొయ్యనాటకశాల నిలిచియున్నది. కొలొమెన్‌స్కోయేలో 1532 నాటి స్వర్గారోహణ దేవాలయము కలదు. అచ్చటి ప్రదర్శనశాలను 1923లో స్థాపించిన బరనోవ్‌స్కీ, కూలిపోనున్న కొయ్యకట్టడములను దూరప్రాంతములనుండి తెచ్చి ప్రాణము పోసెను. కేథరిన్ కట్టించి, నచ్చక కూల్పించి, మఱల కట్టింప మొదలిడి, ఎన్నడును నివసింపని త్సరీత్సినో సౌధము ఇటీవలి పునర్నిర్మాణముతో క్రొత్తదనమునే చూపుచున్నది గాని ప్రాచీనతను చూపుటలేదు. సమయము చాలనివారు దానిని విడువవచ్చును.

కుస్కోవో, ఒస్తాంకినో సౌధములు కొయ్యవి, వెచ్చదనపు ఏర్పాట్లు లేని వేసవిగృహములు. తేమ వాటికి శత్రువు. అందుచే వానదినములందు కొన్ని గదులను మూసియుంచుట పాతవాడుక. ఒస్తాంకినో సౌధము 2013లో దీర్ఘమైన జీర్ణోద్ధరణకై మూయబడెను. కావున మాస్కో పోవు తెలుగు సోదరులు ముందుగా విచారించుకొని, పొడిగా నున్న వేసవిదినమును ఎన్నుకొని, పూర్వాహ్ణమందే కుస్కోవో చేరవలయును. వివరించువారు ప్రభువుల పేర్లను తామే చెప్పుదురు. మీరు మాత్రము ఫ్యోదర్ అర్గునోవ్ గుహామందిరమును, ఇవాన్ అర్గునోవ్ చిత్రించిన బాలికను చూపుడని పట్టుపట్టి అడుగుడు. ఒస్తాంకినో తలుపులు తెఱచియున్న నాడు ప్ర్యాఖిన్ యంత్రములెచ్చటనున్నవని అడుగుడు.